నవలిక చదివిస్తూ ఇంగ్లీషు వ్యాకరణం నేర్పడం ఎలా?

నమస్కారమండీ. మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి చేత రోజూ రాత్రి భోజనాలయ్యాక హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ' చదివిస్తున్నాను. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల్లో దొరికింది. 1952లో వచ్చిన చిన్న నవల, మాటలు తేలిక. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే, అయినా ధైర్యం చేశాను.

చిక్కు మొదటి వాక్యంలోనే వచ్చింది. ముసలాయన ఒంటరిగా చేపలు పట్టేవాడని మామూలు భూతకాలంలో చెప్పి, 84 రోజులుగా ఒక్క చేపా పడలేదన్న దగ్గర 'హ్యాడ్ గాన్' అంటాడు రచయిత. మనం తెలుగులో దీన్ని 'అప్పటికే' అన్న మాటతో సర్దుకుంటాం. అలా చెబితే అర్థమైంది గానీ, సొంతంగా రాసేటప్పుడు ప్రతి వాక్యంలోనూ 'హ్యాడ్' పెట్టేస్తోంది.

పైగా హెమింగ్వే 'అండ్'లతో వాక్యాలు కలుపుకుంటూ పోతాడు. పిల్ల అలాగే రాస్తే బళ్ళో ఎర్ర సిరా గీతలు. ఆయన రాస్తే ఒప్పు, తను రాస్తే తప్పెందుకో ఎలా నచ్చజెప్పాలి?

చేప పడకుండా 40 రోజులయ్యాక, ముసలాయనతో పాటు పడవలో వెళ్ళే కుర్రాణ్ణి వాళ్ళ అమ్మానాన్నలు వేరే పడవకి పంపేస్తారు కదా, ఆ కుర్రాడి డైరీ రాయమన్నాను. పేజీన్నర రాసింది, ఎంత బాగుందో! వ్యాకరణం కోసం మధ్యలో ఆపితే మాత్రం మొహం ముడుచుకుంటుంది. అధ్యాయాలు కూడా లేవు, ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

ముందు కథంతా చదివించి, రెండోసారి వ్యాకరణం చూడమంటారా? ఇంట్లో ఇలా నేర్పినవాళ్ళు, టీచర్లు దయచేసి చెప్పండి. దసరా సెలవుల్లోపు పూర్తి చేయాలని ఉంది.