కుక్క అతిగా మొరగకుండా కాలర్ వాడవచ్చా?

ప్రశ్న: మేము ఇంట్లో లేనప్పుడు మా కుక్క ఆగకుండా మొరుగుతున్నదని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు. మొరుగుడును అదుపు చేసే కాలర్లలో ఏది సురక్షితమో దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1: వీటిలో విద్యుత్ షాక్ ఇచ్చేవి, కంపించేవి, సిట్రోనెల్లా (నిమ్మగడ్డి జాతి మొక్క నూనె) వాసన చిమ్మేవి (స్ప్రే కాలర్లు) ఉన్నాయి. షాక్ కాలర్‌ను నేను ఎవరికీ సూచించను; వేల్స్ 2010లోనే వాటిని నిషేధించింది. మీ కుక్క ఒంటరిగా ఉండలేని భయంతో మొరుగుతున్నట్లయితే, ఏ కాలర్ అయినా ఆ భయాన్ని తగ్గించకపోగా పెంచే ప్రమాదం ఉంది.

జవాబు 2: ముందుగా కెమెరా పెట్టి, మీరు వెళ్లగానే మొరుగుతున్నదా, కిటికీలోంచి ఎవరైనా కనిపించినప్పుడే మొరుగుతున్నదా గమనించండి. రెండవదైతే తెర వేసి చూడండి. మొదటిదైతే, కొన్ని క్షణాలతో మొదలుపెట్టి, ఒంటరిగా ఉంచే వ్యవధిని కుక్క కంగారుపడనంత నెమ్మదిగా పెంచుతూ అలవాటు చేయాలి.

జవాబు 3: స్ప్రే కాలర్ వాడదలిస్తే, పక్క కుక్క మొరిగినా కొన్ని రకాలు పనిచేస్తాయి కనుక, మీరు దగ్గర లేనప్పుడు వేయకండి.