మూడు వారాలు ఇంటికి తాళం వేసి వెళ్తుంటే ఏవి ఆపాలి, ఏవి ఆన్‌లో ఉంచాలి?

పెరటిగుమ్మం (ప్రశ్న)

నమస్కారం అండీ. ఇంటిల్లిపాదీ 22 రోజులు ఊళ్లో ఉండం. కిందా పైనా ఉన్న విడి ఇల్లు. మిద్దె మీద 1000 లీటర్ల ట్యాంకు, కింద సంపు, మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు. ముందు తలుపుకు బయట గొళ్ళెం, దానికి తాళం కప్ప. పెరటి తలుపు బయటికి తెరుచుకుంటుంది, లోపల ఒకటే గడియ. ఇన్వర్టరు, ఫ్రిజ్, వైఫై, గేటు వైపు ఒక కెమెరా ఉన్నాయి.

మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్దామంటే కెమెరా ఆగిపోతుంది. ఏం చేయాలి? తాళం కప్ప కంటే గట్టి ఏర్పాటు వారం రోజుల్లో అయ్యేది ఏదైనా ఉందా? వరండా లైటు రాత్రీ పగలూ వెలుగుతూ వదిలేయొచ్చా?

నీటిమీటరు

మీరు అడిగిన వాటిలో నీళ్ల మాటే లేదు. కాబట్టి ముందు అదే చెప్తాను.

వాషింగ్ మెషీన్ వాడనప్పుడు కూడా దాని కుళాయి తెరిచే ఉంటే, ఆ రబ్బరు పైపులో నీటి ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుంది. వాష్‌బేసిన్ కింద ఉండే కనెక్షన్ పైపుల సంగతీ అంతే. పైపు వయసైపోయి నట్టు దగ్గర చీలితే ట్యాంకు ఖాళీ అవుతుంది. మీ ఇంట్లో అక్కడితో ఆగదు. ట్యాంకులో మట్టం తగ్గగానే ఆటోమేటిక్ స్టార్టరు మోటారు వేసి మళ్లీ నింపుతుంది. సంపులో నీళ్లున్నంత కాలం ఇదే తంతు. పై అంతస్తులో కారితే స్లాబులోంచి దిగి కింది గది సీలింగుకు, అందులోని వైరింగు పైపుల్లోకి చేరుతుంది.

అందుకే బోర్డులో మోటారు ఎంసీబీని (ఆ లైనుకున్న చిన్న బ్రేకర్ స్విచ్) కిందికి దించేయండి. స్టార్టరు మీద ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పితే చాలదు. సంపులోకి వచ్చే లైను కూడా కట్టేయండి. అక్కడి ఫ్లోట్ వాల్వు (నీరు నిండగానే లైను మూసేది) ఇరుక్కుపోతే సంపు పొంగి నీళ్లు గేటు దాటి రోడ్డు మీదికొస్తాయి, ఇంట్లో ఎవరూ లేరని వీధంతటికీ తెలుస్తుంది.

తర్వాత ట్యాంకు కింద ఉన్న వాల్వు. ఈ పని బయలుదేరే రోజు పెట్టుకోకండి, ఈ వారంలోనే చేయండి. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వును (చక్రం తిప్పి మూసే రకం) ఒక్కసారిగా బిగిస్తే లోపలి కాడ విరగొచ్చు, లేదా చక్రం కిందనుంచి కారడం మొదలవ్వొచ్చు. పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ వదులు చేయండి. కట్టాక ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తిప్పి వదిలేయండి. పైపుల్లో మిగిలినదంతా పోయాక ధార ఆగిపోవాలి. పావుగంట తర్వాత కూడా సన్నగా వస్తూనే ఉంటే వాల్వు పట్టడం లేదు. దాని బదులు పిడి పావు చుట్టు తిప్పితే మూసుకునే బాల్ వాల్వు వేయించండి. పరీక్ష అయ్యాక ఆ కుళాయి కట్టేయడం మరచిపోకండి.

ఇంకొకటి, బాత్రూం నేల మీద జాలీ కింద ట్రాప్‌లో సుమారు 50 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉంటుంది. డ్రైనేజీ వాసనను, బొద్దింకలను ఆపేది ఆ నీరే. వాడకం లేకపోతే అది ఎండిపోతుంది, ఎండాకాలమైతే మూడు వారాలు కూడా పట్టకపోవచ్చు. వెళ్లే ముందు ప్రతి జాలీలో ఒక లీటరు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల నూనె వేయండి. నూనె పొర నీరు ఆవిరి కాకుండా చూస్తుంది. కమోడ్ మూత వేసి వెళ్లండి.

ఎర్తువైరు

మెయిన్ మొత్తం కట్టేయడం వల్ల కెమెరా కంటే ముందు దెబ్బతినేది ఇన్వర్టరు బ్యాటరీ. మెయిన్ పోగానే ఇన్వర్టరు దాన్ని కరెంటు కోత అనుకుంటుంది, బ్యాటరీ అడుగంటేదాకా రౌటరునూ లైట్లనూ నడుపుతుంది. అలా పూర్తిగా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ వారాల తరబడి పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత బలం రాదు.

మీ 22 రోజులకు మెయిన్ ఉంచండి. బోర్డులో ఫ్రిజ్, ఇన్వర్టరు, వైఫై, కెమెరా నడిచే ఎంసీబీలు తప్ప మిగతావన్నీ దించేయండి. ఏది దేనికో ముందే ఒక్కొక్కటీ దించి చూసి, పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గుర్తు వరకు మాత్రమే పోయండి. పైదాకా నింపితే ఛార్జింగులో యాసిడ్ పొంగి టెర్మినల్స్ తినేస్తుంది.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. ఇల్లంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే, ఎక్కడో ఒకచోట 30 మిల్లీయాంపియర్ల లీకేజీ వచ్చినా అది పడిపోతుంది. దాంతో ఫ్రిజ్ ఆగుతుంది. బ్యాటరీ అయిపోయాక కెమెరా కూడా. వానకు తడిసిన బయటి లైటు హోల్డరు, పాత గీజరు ఎలిమెంటు ఇందుకు మామూలు కారణాలు. సింగిల్ పోల్ ఎంసీబీ దించితే ఫేజ్ మాత్రమే తెగుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. న్యూట్రల్ ఎర్తుకు తగులుతుంటే ఎంసీబీ దించి ఉన్నా ఆర్‌సీసీబీ పడొచ్చు. కాబట్టి గీజరు, వాషింగ్ మెషీన్ ప్లగ్గులు సాకెట్ నుంచి పీకేయండి. టీవీది కూడా, డిష్ కేబులుతో సహా. పిడుగు తాకిడి ఆ కేబులు గుండా కూడా వస్తుంది.

ఫ్రిజ్ నడుస్తూనే ఉందో లేదో వచ్చాక తెలుసుకోవాలంటే ప్లాస్టిక్ కప్పులో నీళ్లు గడ్డ కట్టించి, పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. తిరిగొచ్చేసరికి నాణెం అడుగున కనిపిస్తే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డ కట్టిందన్నమాట. అప్పుడు ఫ్రీజర్‌లో ఉన్నవన్నీ పారేయాల్సిందే. ఫ్రిజ్ ఆపే ఉద్దేశమైతే ఖాళీ చేసి, పొడిగా తుడిచి, తలుపు మూసుకోకుండా మధ్యలో మడతపెట్టిన తువ్వాలు పెట్టండి. లేకపోతే బూజు పడుతుంది.

గ్యాస్‌కు రెగ్యులేటరు ఆపితే సరిపోదు, తీసేసి సిలిండరుకు మూత బిగించండి.

రెండుతిప్పులు

బయట వేలాడే తాళం కప్ప ఇంట్లో ఎవరూ లేరని రోడ్డు మీదికే చెప్తుంది. పైగా కప్ప ఎంత లావుదైనా దాన్ని పగలగొట్టే అవసరం రాదు, ఎందుకంటే గొళ్ళెం పట్టీ నాలుగు చిన్న మరలతో చెక్కకు అంటుకుని ఉంటుంది. ఇనప కమ్మీ పెట్టి ఎత్తితే మరలతో సహా ఊడొస్తుంది. మరల తలలు బయటికి కనిపిస్తుంటే స్క్రూడ్రైవరే చాలు. ఈ పట్టీని తీసి, గుండ్రటి తల ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టులు తలుపు గుండా ఇవతలికి దింపి, లోపల వాషరు వేసి నట్టు బిగించండి. ఇది గంట పని.

దానికంటే మేలు, తలుపు లోపలే అమరే తాళం. కొనేటప్పుడు తాళం నాలుక కనీసం 25 మిల్లీమీటర్లు బయటికి వచ్చేది చూడండి. ఏటవాలు నాలుక మాత్రమే ఉండి, తలుపు లాగితే దానంతటదే పడే రకాన్ని పల్చటి ప్లాస్టిక్ రేకుతో వెనక్కి నెట్టవచ్చు. నాలుక దూరే పట్టీకి కంపెనీ ఇచ్చే పొట్టి మరలు తీసేసి, 65 మిల్లీమీటర్లవి ద్వారబంధంలోకి దింపండి. ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వేయకపోతే కర్ర పగులుతుంది.

పెరటి తలుపు బయటికి తెరుచుకుంటుంది అన్నారు కదా, అంటే మడతబందులు బయట ఉన్నాయి. వాటి పిన్ను పైకి కొట్టి తీస్తే, గడియ ఎంత గట్టిదైనా తలుపు అవతలి పక్కనుంచి వచ్చేస్తుంది. దీనికి సులువైన విరుగుడు ఉంది. ప్రతి బందులోనూ ద్వారబంధం వైపు ఒక మర తీసి, తల కోసేసిన లావు మరను 10 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా బిగించండి. తలుపు వైపు దానికి ఎదురుగా ఉన్న మర తీసి, ఆ రంధ్రం లోతు చేయండి. తలుపు మూస్తే ఆ మొన రంధ్రంలో కూర్చుంటుంది. ఇక పిన్ను తీసినా తలుపు కదలదు. లోపల పైనా కిందా మరో రెండు గడియలు పెట్టించండి.

మిద్దె మీద మెట్ల గది తలుపు గురించి మీరు రాయలేదు. చాలా ఇళ్లలో అన్నిటికంటే బలహీనమైన తలుపు అదే. నిచ్చెన, గడ్డపార పెరట్లో వదిలేయకండి.

పెరటిగుమ్మం

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. మెట్ల గది తలుపు రేకుది, లోపల చిన్న గడియే ఉంది. దానికి కూడా బోల్టులు వేయిస్తాను. లైటు, కెమెరా సంగతి ఎవరైనా చెప్తారా?

చీకటిసెన్సరు

మిట్టమధ్యాహ్నం వెలిగే వరండా లైటు తాళం కప్పలాంటిదే. చీకటి పడితే వెలిగి తెల్లవారితే ఆరే సెన్సరు ఎల్ఈడీ బల్బు వేయండి. పక్క లైటు వెలుతురు దాని మీద పడితే రాత్రంతా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, కాబట్టి ముందు ఒక రాత్రి చూడండి. లోపల ఒక గదిలో రాత్రి 7 నుంచి 10:30 దాకా, పైన ఇంకో గదిలో 10 నుంచి 11 దాకా లైటు వెలిగేలా స్మార్ట్ ప్లగ్ (ఫోన్‌లో వేళలు పెట్టుకునే ప్లగ్) పెట్టండి. చక్రం తిరిగే పాత రకం టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. వారం తిరిగేసరికి పట్టపగలు లైటు వేస్తుంది. ఆ లైట్ల ఎంసీబీలు దించే వాటిలో కలపకండి.

కెమెరాకు అసలు పరీక్ష ఇది. మెయిన్ అరగంట కట్టి ఇన్వర్టరు మీద నడుస్తుందో చూడండి. తర్వాత రౌటరు ఆపి వేసి, కెమెరా దానంతటదే మళ్లీ కలుస్తుందో లేదో గమనించండి. ఇంటర్నెట్ రీఛార్జి గడువు 22 రోజులు దాటేలా చూసుకోండి. రాత్రిపూట కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, వాటికోసం సాలీడు గూడు కడుతుంది. ఆ పోగు ఊగినప్పుడల్లా ఫోన్‌కు హెచ్చరిక వస్తుంది. నాలుగు రోజులకు విసుగొచ్చి మీరే నోటిఫికేషన్లు ఆపేస్తారు. వెళ్లే ముందు చుట్టూ శుభ్రంగా తుడవండి.

హెచ్చరిక వస్తే వెళ్లి చూసే మనిషి కావాలి. ఒక తాళంచెవి నమ్మకమైన పొరుగువారికి ఇచ్చి, మెయిన్ ఎక్కడుందో, ట్యాంకు వాల్వు ఎక్కడుందో స్వయంగా చూపించండి. పేపరు ఆపించినా గేటుకు కరపత్రాలు చేరుతూనే ఉంటాయి, వాటిని రెండు రోజులకోసారి తీయమనండి. ప్రయాణం ఫోటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

ఇంటి బీమా ఉంటే పాలసీ ఒకసారి తీసి చదవండి. చాలా పాలసీల్లో ఇల్లు వరుసగా ఇన్ని రోజులకు మించి ఖాళీగా ఉంటే దొంగతనానికి పరిహారం వర్తించదనే షరతు ఉంటుంది.

నీటిమీటరు

వచ్చిన రోజు గురించి రెండు మాటలు. తలుపు తీయగానే లైటు వేయకండి. గ్యాస్ గాలి కంటే బరువైనది, నేల మీదే పరుచుకుని ఉంటుంది. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికొచ్చి ఫోన్ చేయండి. ట్యాంకు వాల్వు మెల్లగా తిప్పండి, పైపుల్లోని గాలి పోవడానికి ఒక కుళాయి తెరిచి ఉంచండి. గీజరు వేడినీళ్ల కుళాయి నుంచి ధార ఎడతెగకుండా వచ్చాకే దాని స్విచ్ వేయండి, లేకపోతే ఎలిమెంటు కాలిపోవచ్చు. తాళం దగ్గర కొత్త గీతలు గానీ, వాలిన గొళ్ళెం గానీ కనిపిస్తే లోపలికి అడుగు పెట్టకండి, ఏదీ ముట్టుకోకండి. గేటు బయట నిలబడే పోలీసులకు ఫోన్ చేయండి.