చర్చ: పెద్ద టెలికాం కంపెనీలో ఉద్యోగం మన పిల్లలకు ఇంకా మంచి దారేనా?

సీతమ్మధార మేనమామ

మా మేనకోడలు ఈ ఏడాది ఈసీఈ పూర్తి చేసింది. ఆమె చేతిలో ఇప్పుడు రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి దేశమంతటా కోట్లమంది చందాదారులున్న ఒక పెద్ద టెలికాం కంపెనీ నెట్‌వర్కు విభాగంలో ట్రైనీ ఇంజనీరు పని, అదీ మొదటి పోస్టింగు విశాఖలోనే. రెండోది మధురవాడలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగు పని, జీతం మొదటిదానికన్నా నెలకు నాలుగు వేలు తక్కువ. పెద్ద కంపెనీ పేరు వినగానే మా బావగారు ఇక ఆలోచించడానికేముందన్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఒకప్పుడు ఆశీలుమెట్ట నుంచి జగదాంబ దాకా ఎన్ని టెలికాం కంపెనీల బోర్డులు కనిపించేవో, ఇప్పుడెన్ని మిగిలాయో ఈ ఊళ్లో తిరిగే ఎవరికైనా తెలుసు. ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత ఈ రంగానికి బాగా సరిపోతుందని నా వాదన. ఇందులో పనిచేసినవారు నన్ను సమర్థించినా ఖండించినా సంతోషమే. 'అంతా అదృష్టాన్ని బట్టి ఉంటుంది' అనే జవాబు మాత్రం దయచేసి వద్దు.

పాత ఎక్స్ఛేంజి

మేనమామ గారితో నేను ఏకీభవించలేను. నేను 1984లో అప్పటి తంతి తపాలా శాఖలో టెక్నీషియన్‌గా చేరాను. మరుసటి ఏడాదే టెలికాం శాఖ దాని నుంచి వేరుపడింది. నేను తొలుత పనిచేసిన ఎక్స్ఛేంజిలో, కదిలే మీటలతో కాల్ కలిపే పాతకాలపు స్ట్రోజర్ స్విచ్‌లు రోజంతా టకటకలాడుతూ ఉండేవి. ఏ సెలెక్టర్ ఎక్కడ చిక్కుకుందో చెవితోనే పసిగట్టే పెద్దలు మాకు గురువులు. తరువాత ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలు వచ్చాయి, మన దేశంలోనే రూపొందించిన సీడాట్ ఎక్స్ఛేంజి వచ్చింది, ఆప్టికల్ ఫైబర్ వచ్చింది, ఆపైన సెల్‌ఫోను వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నాకు తెలిసిన విద్య పాతబడింది, ప్రతిసారీ సంస్థ నన్ను శిక్షణకు పంపి, టీఏ, డీఏ ఇచ్చి మరీ కొత్తది నేర్పించింది. డిప్లొమాతో చేరినవాణ్ణి నాలుగు తరాల యంత్రాలను చూసి బయటికి వచ్చాను.

2000 అక్టోబరు 1న శాఖ సేవలు బీఎస్ఎన్ఎల్‌గా మారినప్పుడు మా పింఛను బాధ్యత ప్రభుత్వం మీదే ఉండిపోయింది. 2019లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం ప్రకటించినప్పుడు, 50 ఏళ్లు దాటినవారికి పూర్తిచేసిన ప్రతి ఏడాది సర్వీసుకు 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం లెక్కన ఇస్తామన్నారు. సుమారు 78 వేల మందితో పాటు నేనూ 2020 జనవరి 31న బయటికి వచ్చి, పెందుర్తిలో ఇంటి మీద ఉన్న అప్పు తీర్చుకున్నాను. చిన్న సంస్థలో చేరిన మా తోడల్లుడి సంస్థ ఈలోగా మూడుసార్లు పేరు మార్చుకుంది. అమ్మాయిని నిస్సంకోచంగా పెద్ద కంపెనీలోనే చేరమనండి.

నెలాఖరు

పాత ఎక్స్ఛేంజి గారి మీద నాకు గౌరవముంది, కాని ఆయన చెప్పింది 1984లో చేరినవారి సంగతి. నేను ఒక ప్రైవేటు టెలికాం కంపెనీ సేల్స్ విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నం నా టెరిటరీ.

అక్కడ నెలకు రెండే వారాలుంటాయి, మొదటి వారం, చివరి వారం. మొదటి వారంలో మేనేజరు భోజనం చేశావా అని అడుగుతాడు, చివరి వారంలో అదే మనిషి రాత్రి పదకొండు గంటలకు ఫోనులో ఇంకా ఎన్ని కొత్త సిమ్‌ల యాక్టివేషన్లు తక్కువున్నాయని అడుగుతాడు. టార్గెట్ చేరలేదంటే డిస్ట్రిబ్యూటరు చేత అవసరం లేని స్టాకు కొనిపించాలి. ఆయన కొన్న స్టాకు అమ్ముడుపోకపోతే వచ్చే నెల ఆయన దుకాణం మెట్లెక్కే ముఖం మనకుండదు. 2011 జనవరి 20న నంబరు మార్చకుండానే కంపెనీ మారే వీలు దేశమంతటా వచ్చాక, కొత్తగా చేరినవారి లెక్కతో పాటు వెళ్లిపోయినవారి లెక్క కూడా మా ఖాతాలోనే పడింది. నర్సీపట్నం దాటాక టవరు లేకపోవడం నా తప్పు ఎలా అవుతుందో తొమ్మిదేళ్లలో ఎవరూ నాకు వివరించలేదు.

ఇక భద్రత అంటారా? 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులను ఒక్క తీర్పుతో రద్దు చేసింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక ధరల యుద్ధంలో పదికి పైగా ఉన్న కంపెనీలు నాలుగుకు తగ్గాయి. కొన్ని దివాలా తీశాయి, కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని ఒకదానిలో ఒకటి కలిశాయి. నా కంపెనీ ఏదో చెప్పను గాని, అదీ ఇలాగే మరొకదానిలో కలిసింది. కలిసిన మర్నాడు ఒకే టెరిటరీకి ఇద్దరు మేనేజర్లం మిగిలాం. నన్ను ఎవరూ తొలగించలేదు, రాజీనామా చేస్తే నాకే మంచిదని ఎంతో మర్యాదగా సలహా ఇచ్చారు.

ఫైబరు జాయింటు

పై ఇద్దరూ కంపెనీ పెద్దదా చిన్నదా, ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్న దగ్గరే ఆగిపోయారని నాకు అనిపిస్తోంది. నేను 12 ఏళ్లుగా ఈ ఊళ్లో ఫైబర్ తెగితే అతికే పని చేస్తున్నాను. నా చొక్కా మీద ఒక కంపెనీ పేరు ఉంటుంది, నా జీతం చీటీ మీద మరో పేరు ఉంటుంది. ఈ 12 ఏళ్లలో చొక్కా మారలేదు, చీటీ మీది పేరు నాలుగుసార్లు మారింది. కాంట్రాక్టు చేతులు మారినప్పుడల్లా నేను కాగితం మీద కొత్త ఉద్యోగిని. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలని చెప్పేవారు. ఒక్కచోటా నాకు ఐదేళ్లు నిండలేదు. చేసింది మాత్రం అవే స్తంభాల మీద, అవే మ్యాన్‌హోళ్లలో, అదే పని.

పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది చెడ్డ పని కాదు. ఎక్కడో మురుగుకాలువ కోసం జేసీబీ మట్టి తవ్వుతుంది, కేబులు తెగుతుంది, కంట్రోల్ గదిలో అలారం మోగుతుంది. మేము ఓటీడీఆర్ యంత్రాన్ని ఒక చివర తగిలించి వెలుతురు పంపితే, తెగినచోటు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అది చెబుతుంది. ఆ దూరం కేబులుది, దారిది కాదు. మధ్యలో ఎక్కడెక్కడ కేబులు చుట్టలు వదిలారో తెలిసినవాడే సరైన చోట తవ్విస్తాడు. ఆ తరువాత నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అన్న వరుస తప్పకుండా, వెంట్రుకంత సన్నని పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. వాన పడుతుంటే ఒకరు గొడుగు పట్టాలి, ఆ గొడుగు మనిషికి కాదు, మెషీనుకు. కూర్మన్నపాలెం దగ్గర హైవే పక్కన రాత్రి రెండు గంటలకు చివరి పోగు అతికి, లింకు వచ్చిందని కంట్రోల్ గది చెప్పినప్పుడు కలిగే తృప్తిని నేను కాదనలేను. గడువు దాటితే కాంట్రాక్టరుకు జరిమానా పడుతుంది, అది తిరిగి మా ఇన్సెంటివు మీదికే వస్తుందన్న సంగతీ దాచలేను.

2014 అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను చేరి ఏడాది. రోడ్ల మీద చెట్లు, స్తంభాలు, రేకులు అన్నీ కలిసి పడి ఉన్నాయి. కరెంటు లేక టవర్లు జనరేటర్ల మీద నడవాలి, జనరేటర్లకు డీజిలు కావాలి, డీజిలు బండి వెళ్లడానికి ముందు చెట్టు నరకాలి. అలా నాలుగు రోజులు, పర్మనెంటు ఇంజనీరు, కాంట్రాక్టు కుర్రాడు ఒకే రంపం పట్టుకున్నాం. ఒకే బండిలో పడుకున్నాం. ఆ తరువాత వాళ్లకు ప్రశంసాపత్రాలు వచ్చాయి. మాకు డబుల్ డ్యూటీ డబ్బులు రెండు నెలలు ఆలస్యంగా వచ్చాయి. నాకు ప్రశంసాపత్రం మీద మోజు లేదు, కాని ఆ పత్రం ఎవరికి రావాలో నిర్ణయించేది పని కాదని, రోలు అని, అంటే ఏ కంపెనీ ఉద్యోగుల పట్టికలో మన పేరుందన్నదని ఆనాడు తెలిసింది.

కాబట్టి మేనమామ గారూ, అమ్మాయిని ఒక్కటే అడగమనండి: నేను ఎవరి రోలు మీద ఉంటాను?

ఎంవీపీ కాలనీ

ఫైబరు జాయింటు గారు అడగమన్న ప్రశ్నే అసలు ప్రశ్న. నేను దానికి రెండోవైపున ఉన్నాను. ఒక పెద్ద కంపెనీ నెట్‌వర్కు కంట్రోల్ గదిలో ఎనిమిదేళ్లుగా ఆ కంపెనీ సొంత రోలు మీదే పనిచేస్తున్నాను. 2017లో సవరించిన చట్టం ప్రకారం 26 వారాల ప్రసూతి సెలవు నాకు ఒక్క ప్రశ్న లేకుండా దొరికింది. చట్టం చిన్న సంస్థకూ వర్తిస్తుంది, కాని చిన్న సంస్థలో ఆ మాట ఎత్తిన నా స్నేహితురాలికి ఏమైందో నాకు తెలుసు. మా అమ్మకు జరిగిన గుండె ఆపరేషను ఖర్చు చాలావరకు కంపెనీ బీమాయే భరించింది. అలారాలు చూసే పని విసుగెత్తినప్పుడు రాజీనామా చేయనవసరం లేకుండా ప్లానింగు విభాగానికి మారే అవకాశమూ వచ్చింది.

అయితే రెండు ఇబ్బందులు చెప్పాలి. రాత్రి షిఫ్టు మనిషిని మెల్లగా తినేస్తుంది, దానికి అలవాటు పడటమనేది ఉండదు. రెండోది మన ఊరి వారికి ప్రత్యేకం. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్, అంటే ఒకే లైసెన్సు ప్రాంతం, పెద్ద కుర్చీలన్నీ హైదరాబాదులోనే ఉంటాయి. మొదటి పోస్టింగు విశాఖ కావచ్చు గాని, మూడో మెట్టు ఎక్కాలంటే రైలెక్కక తప్పదు. నేనూ ఐదేళ్లు అక్కడుండి వచ్చినదాన్నే.

పని బయటికివ్వడం కొత్తేమీ కాదు. 2004లోనే ఎయిర్‌టెల్ తన నెట్‌వర్కు నిర్వహణను ఎరిక్సన్ వంటి సంస్థలకు, కంప్యూటర్ వ్యవస్థలను ఐబీఎంకు అప్పగించింది. ప్రపంచం దాన్ని మెచ్చుకుంది, తక్కినవారూ ఆ దారే పట్టారు. అందువల్ల 'టెలికాం కంపెనీలో పనిచేస్తున్నాను' అనే పదిమందిలో కంపెనీ ఉద్యోగులు ఎందరో ఎవరూ పైకి చూసి చెప్పలేరు.

నెలాఖరు

సొంత రోలు మీద ఉన్నవాణ్ణే నేనూ. బీమా కార్డు నా జేబులోనూ ఉండేది, సలహా ఇచ్చిన మర్నాటి నుంచి అది చెల్లలేదు.

పాత ఎక్స్ఛేంజి

ఫైబరు జాయింటు గారి మాట చదివాక నా మొదటి అభిప్రాయాన్ని కొంత సవరించుకోవాలి. మా సంస్థలోనే 2000 అక్టోబరు తరువాత నేరుగా చేరినవారికి నాకున్న ప్రభుత్వ పింఛను లేదు, వారిది భవిష్యనిధి దారి. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకే పని చేసిన మా ఇద్దరి ముసలితనాలు వేరు. నేను సంస్థ గొప్పతనమనుకున్నది చాలావరకు చేరిన తేదీ గొప్పతనమేమో.

ఇంకొక లెక్క గుర్తుకొచ్చింది. 2019లో పార్లమెంటులో ప్రభుత్వం చెప్పినదాని ప్రకారం, బీఎస్ఎన్ఎల్ ఆదాయంలో సుమారు 75 శాతం జీతాలకే పోయేది, పెద్ద ప్రైవేటు కంపెనీల్లో అది మూడు నుంచి ఆరు శాతం లోపే. అప్పట్లో దాన్ని విని మా మీద మాకే సిగ్గు కలిగేలా మాట్లాడినవారున్నారు. ఆ తక్కువ శాతం పొదుపు వల్లనే వచ్చిందని నేనూ నమ్మాను. ఫైబరు జాయింటు గారి జీతం ఆ శాతంలో లేదని, అది కాంట్రాక్టు ఖర్చు కింద మరో వరుసలో ఉంటుందని ఇప్పుడు తోస్తోంది.

రుషికొండ గాలి

మీరంతా గడిచినదే మాట్లాడుతున్నారు. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా కేంద్రం పెడతామని ప్రకటించింది. అందులో ఎయిర్‌టెల్, డేటా కేంద్రాలు నిర్మించే అదానీ కోనెక్స్ భాగస్వాములు, సముద్రగర్భ కేబుళ్లు తీరానికి చేరే కేంద్రమూ ఇందులో భాగమే. ఇలాంటి సమయంలో ఈసీఈ చదివిన పిల్లను సాఫ్ట్‌వేర్ టెస్టింగుకు పంపడం చేపల రేవులో ఉండి ఉప్పుచేప కొనడమే.

ఫైబరు జాయింటు

కేబులు తీరానికి చేరాక దాన్ని చూసుకోవడానికి ఎక్కువమంది అక్కర్లేదు. వేసేటప్పుడు వందలమంది కావాలి, వేశాక కొందరే మిగులుతారు. అయినా అమ్మాయి నెట్‌వర్కు పనే నేర్చుకోవాలని నేనూ అంటాను. స్ప్లైసింగు అంటే పోగులు అతకడం, ట్రాన్స్‌మిషన్ అంటే సిగ్నల్ దూరం చేర్చడం, ఇవి తెలిసినవాడు కాంట్రాక్టు పోయినా పస్తుండడు. చీటీ మీది పేరు నాలుగుసార్లు మారినా నాకు నెల రోజుల ఖాళీ ఎప్పుడూ రాలేదు. సేల్సులో ఉన్నవారికి ఆ ధీమా లేకపోవడమే నెలాఖరు గారి కోపానికి కారణమని అనుకుంటాను.

నెలాఖరు

ఒప్పుకుంటాను. నేను నేర్చుకున్నది ఎవరి సిమ్ అయినా అమ్మగలగడం, ఇప్పుడు కొనేవాళ్లకే కంపెనీలు నాలుగు.

సీతమ్మధార మేనమామ

నిన్న సాయంత్రం బావగారింట్లో కూర్చుని ఆ నియామక పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాం. పైన పెద్ద కంపెనీ ముద్ర, రంగుల్లో ఉంది. నాలుగో పేజీలో, శిక్షణ కాలమైన మొదటి 12 నెలలు నియామకం ఒక మానవ వనరుల సంస్థ పేరున ఉంటుందని, ఆ తరువాత 'పనితీరును, ఖాళీలను బట్టి' కంపెనీ రోలులోకి తీసుకోవడాన్ని పరిశీలిస్తారని ఉంది. మా బావగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. అమ్మాయి మాత్రం కంగారు పడలేదు. గత ఏడాది ఇలా చేరినవారిలో ఎందరిని రోలులోకి తీసుకున్నారో తెలపమని రాత్రే వాళ్లకు మెయిలు పెట్టింది. నేను వద్దందామనుకుని వచ్చినవాణ్ణి, ఫైబరు జాయింటు గారు చెప్పిన రాత్రి రెండు గంటల సంగతి చదివాక ఆమె కళ్లలో కనిపించినది చూసి, ఇప్పుడు గట్టిగా వద్దనలేకపోతున్నాను. జవాబివ్వడానికి గడువు ఈ నెల 20.

ఎంవీపీ కాలనీ

ఆ మెయిలులోనే ఇంకొకటి కూడా చేర్చమనండి. రాత్రి షిఫ్టుకు ఇంటి దగ్గర ఎక్కించుకుని మళ్లీ ఇంటి దగ్గర దింపే బండి కంపెనీ రోలు వారికేనా, ఆ మానవ వనరుల సంస్థ పేరున ఉన్నవారికి కూడానా? మా దగ్గర మొదట్లో రోలు వారికే ఉండేది.