సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఎందులో తేలిక: లినక్స్‌లోనా, విండోస్‌లోనా?

కాకినాడవాసి:
నాన్నగారి ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వేద్దామంటే, ఏది ఎక్కించాలన్నా నల్ల తెరమీద ఆదేశాలు కొట్టాలని తమ్ముడు భయపెడుతున్నాడు. నిజమేనా?

పెంగ్విన్:
కాదండీ. యాప్ సెంటర్ తెరిచి వీఎల్‌సీ అని వెతికి, ఒక్క నొక్కు నొక్కితే చాలు. అసలు కష్టం విండోస్‌లోనే ఉంది. మొన్న మా మామయ్య పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ కోసం నెట్‌లో వెతికారు. ఆ పేజీలో పచ్చగా మూడు డౌన్‌లోడ్ బటన్లు ఉన్నాయి, వాటిలో రెండు ప్రకటనలే. ఆయన నొక్కినదాంతో బ్రౌజర్ తొలిపేజీ మారిపోయింది, ఎవరూ అడగని యాంటీవైరస్ ఒకటి వచ్చి కూర్చుంది. దాన్ని వదిలించడానికి నాకు ఒక పూట పట్టింది. ఉబుంటుకు మూలమైన డెబియన్ లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఏపీటీ అనే పనిముట్టు 1999 నుంచే ఉంది. నమ్మకమైన ఒకే చోటినుంచి సాఫ్ట్‌వేర్‌ను, అది నడవడానికి కావలసిన తోడు ఫైళ్లను, అంటే లైబ్రరీలను, తానే తెస్తుంది. విండోస్‌కు అలాంటి వింగెట్ 1.0 వచ్చింది 2021లో!

డీటీపీ మిత్రుడు:
ఇదంతా నెట్ ఉన్నప్పటి మాట. మా ఊళ్లో గట్టి వాన పడితే నెట్ పోతుంది. విండోస్ సెటప్ ఫైలు పెన్‌డ్రైవులో ఉంటే చాలావాటికి నెట్‌తో పనిలేదు. ఒకసారి ఉబుంటులో ఎక్కించే డెబ్ ఫైలు అలాగే పట్టుకెళ్లాను. ఒక లైబ్రరీ కావాలంది. అది తెచ్చాక ఇంకొకటి కావాలంది. ఆ జాబితా హనుమంతుడి తోకలా పెరిగింది. పైగా లినక్స్ సాఫ్ట్‌వేర్ డెబ్, ఆర్‌పీఎం, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అని ఇన్ని రకాల ప్యాకేజీలుగా వస్తే కొత్తవారు ఏది తీసుకోవాలి? మా షాపులో పెళ్లిపత్రికలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లోనే చేస్తాం. అది లినక్స్‌కు రానే లేదు.

పెంగ్విన్:
పేజ్‌మేకర్ విషయంలో మీతో వాదించలేను. పెన్‌డ్రైవుకు మాత్రం యాప్‌ఇమేజ్ ఉంది కదండీ! ఒకే ఫైలు, కావలసిన లైబ్రరీలు చాలావరకు అందులోనే ఉంటాయి. బొమ్మలు గీసే క్రితా, ఆఫీసు పనులకు వాడే లిబ్రేఆఫీస్ అలా దొరుకుతాయి.

డీటీపీ మిత్రుడు:
ఉబుంటు 22.04లో చాలా యాప్‌ఇమేజ్‌లు తెరుచుకోవాలంటే లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీని విడిగా ఎక్కించాలి. దానికి మళ్లీ నెట్టే కావాలి. ఇది కొత్తవారికి ముందే చెప్పాలి.

పెంగ్విన్:
ఒప్పుకుంటున్నాను. అది నేను చెప్పి ఉండాల్సింది.

కాకినాడవాసి:
నాన్నగారు వాడేవి బ్రౌజరు, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ. ఇంట్లో నెట్ బాగానే ఉంది. ఆదివారం ఉబుంటును పెన్‌డ్రైవు నుంచే నడిపి చూస్తాను. ఆయన పాత స్కానర్ ఒక్కటే బెంగ.

డీటీపీ మిత్రుడు:
స్కానర్ మోడల్ ఇక్కడ రాయండి. డిస్కు చెరపకముందే చూసి చెబుతాను.