ఓవెన్‌లో కాల్చినదాన్ని తందూరీ చికెన్ అనొచ్చా?

బొగ్గులపొయ్యి:
అనకూడదు. దేశ విభజన తర్వాత పెషావర్ నుంచి వచ్చినవాళ్లు ఢిల్లీ దర్యాగంజ్‌లో మోతీ మహల్ పెట్టాక ఊరూరా పేరొచ్చిన వంటకం ఇది. రుచంతా మట్టి తందూర్‌దే. లోపల వేడి 400 డిగ్రీలు దాటుతుంది, కారిన కొవ్వు నిప్పుల మీద పడి పొగ లేస్తుంది. కోడిని గుచ్చిన సీకు (ఇనుప ఊచ) నిలువుగా ఉంటుంది కాబట్టి నీరు కిందికి జారిపోతుంది. ఓవెన్ ట్రేలో కోడి తన నీళ్లలో తానే ఉడుకుతుంది.

వంటింటిలెక్క:
ట్రేలో ఎందుకు పెట్టాలండీ? జాలీ మీద పెట్టి, ట్రే కింద ఉంచండి. అసలు ఇళ్లలో చెడేది ఓవెన్ వల్ల కాదు, నీళ్ల పెరుగు వల్ల. 900 గ్రాముల లోపు కోడిని తోలు తీసి, రెండు సగాలు చేసి, ఎముక తగిలేదాకా గాట్లు పెట్టాలి. ముందు ఒక నిమ్మకాయ రసం, చెంచా ఉప్పు, రెండు చెంచాల కశ్మీరీ కారం గాట్లలోకి రుద్ది అరగంట ఉంచితే నీరు దిగుతుంది. అది పారబోయాలి. అన్నీ ఒకేసారి కలిపేస్తే ఆ నీరు పెరుగులోకి చేరి మసాలా జారిపోతుంది. 200 గ్రాముల పెరుగు గుడ్డలో కట్టి మూడు గంటలు వేలాడదీసి, అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల ఆవనూనె, గరం మసాలా, కసూరీ మేథీ కలిపి పట్టించి, ఆరేడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. బాగా కాగిన ఓవెన్‌లో 250 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. బయటికి తీసి పది నిమిషాలు ఆరనిచ్చి, వెన్న రాసి, అంచులు నల్లబడేదాకా గ్రిల్. తొడ ఎముక దగ్గర 74 డిగ్రీలు రావాలి. తందూర్ దగ్గర కూడా సగం కాలాక సీకు తీసి వేలాడదీస్తారు కదా!

మెంతిమడి:
రంగు మాట కూడా చెప్పుకోవాలి. హోటళ్ల రక్తపు ఎరుపు రంగుపొడిది, కారానిది కాదు. కశ్మీరీ దొరక్కపోతే బ్యాడిగి మిరప వాడండి. అదే కొలతలో గుంటూరు కారం వేస్తే నోరు మండుతుంది, ఆ రంగూ రాదు. పచ్చి బొప్పాయి ముద్ద వేసి రాత్రంతా వదిలేస్తే పైకండ పిండిపిండిగా అయిపోతుంది. లేత కోడికి అది అక్కర్లేదు.

బొగ్గులపొయ్యి:
ఆరబెట్టడం గురించి లెక్క గారు చెప్పింది నిజమే. పొగ కోసం గిన్నెలో నిప్పుకణిక పెట్టి, నెయ్యి చుక్కలు వేసి మూతపెట్టినా మూడు నిమిషాలు చాలు, మించితే చేదెక్కుతుంది. ఇంట్లో ఏ పేరైనా పెట్టుకోండి. డబ్బు తీసుకునే హోటల్ మాత్రం తందూర్ లేకుండా ఆ పేరు రాయకూడదు.

వంటింటిలెక్క:
మరి గ్యాస్ తందూర్? బొగ్గు ఉండదు. గోడ సెగ ఉంటుంది, కొవ్వు వేడి పలక మీద పడి పొగా లేస్తుంది. మీ లెక్కలో అది ఎటు?