స్కూల్లో మైక్రోస్కోపు కింద రక్తం చూసిన అనుభవాలు చెప్పండి

బోడుప్పల్ అమ్మ:
మా పాప పదో తరగతి, స్టేట్ సిలబస్. ప్రసరణ పాఠం అయిపోయింది. మైక్రోస్కోపులో రక్తకణాలు చూశావా అని అడిగితే "చూశా, గులాబీ చుక్కలు" అంది. రెడీమేడ్ స్లైడ్ పెట్టారట. క్లాసంతా లైన్లో నిలబడి, ఒక్కొక్కరూ ఓసారి కన్ను పెట్టి పక్కకు జరగడమే. మా రోజుల్లో వేలు గుచ్చి మా రక్తమే చూపించారు. ఇప్పుడు అది మానేశారా? మానేయడం మంచిదేనా? నేను సైన్స్ మేడంతో మాట్లాడదామనుకుంటున్నా. ఫిర్యాదు చేసినట్టు కాకుండా, ఏం అడగాలో తెలిసి వెళ్తే బాగుంటుంది కదా. అందుకే మీ అనుభవాలు అడుగుతున్నా.

మల్కాజిగిరి 90:
అక్కా, మానేయడమే మంచిది. మా స్కూల్లో ఒకటే సూది. స్పిరిట్ దూదితో తుడిచి తర్వాతి పిల్లవాడికి గుచ్చేవారు. అప్పుడు ఎవరికీ తప్పనిపించలేదు. హెపటైటిస్ బి అలాంటి సూదుల మీదే ఒకరి నుంచి ఒకరికి పోతుందని తర్వాత చదివి భయమేసింది. స్పిరిట్‌తో తుడిచినంత మాత్రాన అది పోదు.

కానీ చూసింది మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఎర్రగా ఉంటుందనుకుంటే లేత పసుపు రంగులో గుండ్రటి బిళ్లలు, మెల్లగా కదులుతూ. ఇది నా రక్తమేనా అని సార్‌ని అడిగాను.

స్లైడ్ టెక్నీషియన్, సికింద్రాబాద్:
అన్న చూసింది సరైనదే. రంగు వేయని రక్తంలో విడిగా ఉన్న ఎర్రకణం లేత పసుపుగానే కనిపిస్తుంది. లక్షల కణాలు ఒకచోట చేరితేనే మనం చూసే ఎరుపు వస్తుంది. పాప చెప్పిన గులాబీ రంగు, కణాలు కనిపించడానికి స్లైడ్ మీద వేసే లీష్మన్ స్టెయిన్ అనే రంగు ద్రావణంలో ఉండే ఇయోసిన్‌ది. తెల్లకణాల కేంద్రకాలకు ఊదా రంగు ఇచ్చేది అందులోని మిథిలీన్ బ్లూ.

మేడంని మొదట అడగాల్సింది ఏ లెన్స్‌తో చూపించారని. 10 లెన్స్‌తో ఆపేస్తే నిజంగానే చుక్కలే. ఎర్రకణం వెడల్పు 7 మైక్రాన్ల పైచిలుకు మాత్రమే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 40 లెన్స్ పెడితే, అంటే మొత్తం 400 రెట్లు, కణం మధ్యలో రంగు తగ్గడం తెలుస్తుంది. అక్కడ గారెకున్నట్టు చిల్లు ఉందని పిల్లలు అనుకుంటారు. చిల్లు కాదు, రెండు వైపులా లోపలికి నొక్కుకుపోయి పలచగా ఉంటుంది, అందుకే వెలుతురు ఎక్కువ దాటుతుంది. ఇంకోటి, పుస్తకంలో ఎర్రకణం, తెల్లకణం పక్కపక్కనే వేస్తారు. స్లైడ్ మీద వందల ఎర్రకణాలు దాటితే గానీ ఒక తెల్లకణం తగలదు. మనలో మైక్రోలీటరు రక్తానికి ఎర్రకణాలు సుమారు 50 లక్షలు, తెల్లకణాలు 4 వేల నుంచి 11 వేలు. ఈ తేడా ఎంత చదివినా ఎక్కదు. స్లైడ్ జరుపుతూ వెతికిన పిల్ల మాత్రం మర్చిపోదు.

స్మియర్, అంటే స్లైడ్ మీద పలచగా పరిచిన రక్తపు పొర, బాగా రాకపోవడానికి మేం రోజూ చూసే కారణాలు చెప్తాను. వేలి మీద స్పిరిట్ ఆరకముందే గుచ్చితే కణాలు పగిలిపోతాయి. తొలి చుక్కలో చర్మం కింది కణజాలపు నీరు కలుస్తుంది, దాన్ని తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలి. చుక్క పెద్దదైతే పొర మందమై కణాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చుక్కను పరిచే రెండో స్లైడ్‌ని 30 నుంచి 45 డిగ్రీల వాలులో పట్టి ఒక్క ఊపులో లాగాలి, మధ్యలో ఆగకూడదు. చూడాల్సింది పొర పలచబడే తోక దగ్గర, మధ్యలో కాదు. మన దగ్గర జూలై, ఆగస్టుల్లో తేమకి స్మియర్ తొందరగా ఆరదు, ఎర్రకణాల్లో మెరిసే మచ్చలు వస్తాయి. ఫ్యాన్ కింద ఆరబెడితే చాలు.

నాగోల్ నాన్న:
ఈ చదువు మార్కులకు తప్ప ఎందుకు పనికొస్తుంది? అడ్డు చెప్పాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా. ఇప్పుడు అన్నీ మెషిన్లే కదా.

స్లైడ్ టెక్నీషియన్, సికింద్రాబాద్:
డెంగీ సీజన్‌లో ఏ ల్యాబ్‌కైనా వచ్చి చూడండి సార్. మెషిన్ ప్లేట్‌లెట్లు బాగా తక్కువ చూపిస్తే వెంటనే స్మియర్ చూస్తాం. కొందరి రక్తంలో, రక్తం గడ్డకట్టకుండా ట్యూబ్‌లో వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్ల ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి, మెషిన్ వాటిని సరిగా లెక్కించలేదు. పేషెంట్‌కి ఏమీ ఉండదు, రిపోర్ట్ చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. స్లైడ్ మీద ఆ గుంపులు కంటికి కనిపిస్తాయి. మలేరియా కూడా అంతే, పరాన్నజీవిని స్లైడ్ మీద వెతికి పట్టుకోవడం ఇప్పటికీ నమ్మే పద్ధతి.

బేగంపేట వాసి:
మలేరియా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. బ్రిటిష్ డాక్టర్ రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మలేరియా పరాన్నజీవిని దోమ పొట్ట గోడలో చూసింది మన సికింద్రాబాద్‌లోనే. రక్తంలో ఆ జీవిని ఫ్రెంచ్ డాక్టర్ లావెరాన్ 1880లోనే అల్జీరియాలో చూశాడు. అది దోమ లోపల పెరుగుతుందని తేల్చింది ఇక్కడ. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, దోమకు అణా చొప్పున ఇచ్చాడు రాస్. 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ కింద. ఊళ్లో ఇంత కథ పెట్టుకుని పిల్లలకు రక్తం స్లైడ్ సరిగా చూపించకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. మేడంకి ఇది కూడా చెప్పండి, పాఠంలో కలుపుకోవచ్చు.

తార్నాక బైపీసీ:
నేను ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మాకు బ్లడ్ గ్రూప్ చేయించారు, ఒక్కొక్కరికి కొత్త లాన్సెట్ (వేలు గుచ్చే చిన్న సూది), అంతా శుభ్రంగానే. కానీ ఒక ఫ్రెండ్‌కి ఓ గ్రూప్ వచ్చింది, వాళ్ల నాన్నది ఏబీ అని దానికి తెలుసు. ఏబీ తండ్రికి సాధారణంగా ఓ గ్రూప్ బిడ్డ పుట్టదని క్లాసులో ఎవరో గట్టిగా లెక్క చెప్పేశారు. అది వారం దాకా సరిగా తినలేదు. తర్వాత తేలిందేమంటే నాన్న పాత కార్డులో గ్రూపే తప్పు రాశారు. సొంత రక్తం మీద ఏ పరీక్ష చేసినా అలాంటివి బయటపడతాయి. ఫలితం అందరి ముందు చదవకూడదు, ఇష్టం లేని పిల్లల్ని బలవంతపెట్టకూడదు. రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్లలూ ఉంటారు, వాళ్లని కూర్చోబెట్టే చూపించాలి.

రిటైర్డ్ బయాలజీ టీచర్:
బోడుప్పల్ అమ్మగారూ, నా అనుభవంలో పిల్లల సొంత రక్తమా కాదా అన్నది రెండో మాట. లెన్స్ దగ్గర పిల్ల ఎంతసేపు ఉందన్నదే మొదటిది. వరుసలో నిలబెట్టి ఒక్క క్షణం చూపిస్తే ఎవరి రక్తమైనా గులాబీ చుక్కలే. నేను నలుగురికొక మైక్రోస్కోపు దొరికేలా క్లాసుని విడగొట్టి, మిగతావాళ్లకు వేరే పని ఇచ్చేదాన్ని. చూసినదే గీయాలి, పుస్తకంలో ఉన్నది గీయకూడదు. గీయాల్సి వస్తే కన్ను నిలబడుతుంది. ఒకటే మైక్రోస్కోపు ఉంటే ఐపీస్ (కన్ను పెట్టి చూసే గొట్టం) మీద ఫోన్ పెట్టి క్లాసులో ఉన్న టీవీకి కలపమనండి, తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తామే ఫోకస్ తిప్పుకోవాలి.

ఇక రక్తం విషయానికొస్తే, చికెన్ సెంటర్ ఉండగా వేలు గుచ్చడం దేనికి? కోడి ఎర్రకణం కోలగా ఉంటుంది, లోపల కేంద్రకం స్పష్టంగా కనిపిస్తుంది. పక్కనే మనిషి రక్తం రెడీమేడ్ స్లైడ్ పెట్టండి, కేంద్రకం లేదు. "టీచర్, మనదాంట్లో ఎందుకు లేదు?" అని వాళ్లే అడుగుతారు. క్షీరదాల ఎర్రకణం పరిణతి చెందేటప్పుడు కేంద్రకాన్ని వదిలేస్తుందని, మనిషిలో 120 రోజులే బతుకుతుందని అప్పుడు చెప్తే చెవికెక్కుతుంది. ముందే చెప్తే నోట్సులో రాసుకుంటారు, అంతే.

బోడుప్పల్ అమ్మ:
టీచర్ గారూ, ఇది మేడంకి చెప్పడానికి చాలా బాగుంది. కానీ చికెన్ షాపు నుంచి స్కూల్‌కి చేరేసరికి రక్తం గడ్డకట్టదా?

స్లైడ్ టెక్నీషియన్, సికింద్రాబాద్:
కడుతుందమ్మా. 3.8 శాతం సోడియం సిట్రేట్ ద్రావణం సీసాలో ముందే పోసుకుని వెళ్లాలి, ఒక వంతు ద్రావణానికి తొమ్మిది వంతుల రక్తం పట్టి మెల్లగా తిప్పాలి. తీసుకొచ్చేది టీచరే అయితే మంచిది, పిల్లల్ని పంపొద్దు. అదే రోజు వాడేయాలి. మిగిలినదాంట్లో ఒక చుక్క 0.9 శాతం ఉప్పునీళ్లలో, ఒక చుక్క చిక్కటి ఉప్పునీళ్లలో, ఒకటి మామూలు నీళ్లలో వేసి చూపించమనండి. మొదటిదాంట్లో కణాలు అలాగే ఉంటాయి, రెండోదాంట్లో ముడుచుకుంటాయి, మూడోదాంట్లో ఉబ్బి పగిలిపోయి కేంద్రకాలు మిగులుతాయి. గ్లవ్స్ తప్పనిసరి. అయ్యాక స్లైడ్లు బ్లీచింగ్ నీళ్లలో అరగంట నానబెట్టాలి, బెంచీ కూడా ఆ నీళ్లతోనే తుడవాలి, పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ బాక్సులు తీయాలి.