మధ్య ఇంగ్లండ్, ఆల్ప్స్: రెండు ప్రాంతాల దీర్ఘకాలిక ఉష్ణోగ్రత మార్పును ఎలా పోల్చాలి?

ప్రశ్న

నేను భూగోళశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. ఐరోపాలోని రెండు ప్రాంతాలలో ఉష్ణోగ్రత ఎలా మారుతూ వచ్చిందో పోల్చడం నా ప్రాజెక్టు. మొదటిది మధ్య ఇంగ్లండ్. అక్కడ 1659 నుంచి నెలవారీ సగటులు దొరుకుతున్నాయి. రెండోది ఆల్ప్స్ పర్వతాలు, వాటి పరిసరాలు. అక్కడి అంకెలు 1760 దాకా వెనక్కి వెళుతున్నాయి.

ఆల్ప్స్ విషయంలో నేను ఆస్ట్రియాలోని క్రెమ్స్‌మున్‌స్టర్ వంటి కొన్ని పాత కేంద్రాల సవరించని అంకెలు తీసుకుని, జూన్ నుంచి ఆగస్టు వరకు సగటు కట్టి గ్రాఫు గీశాను. 1800 ప్రాంతపు వేసవులు 20వ శతాబ్దం మధ్యకాలపు వేసవులకు సమానంగా, కొన్ని చోట్ల వాటికంటే వేడిగా కనిపిస్తున్నాయి. 19వ శతాబ్దం చివరి నుంచి ఆల్ప్స్ దాదాపు 2 డిగ్రీలు వేడెక్కాయని, అది ఉత్తరార్ధగోళపు సగటుకు సుమారు రెట్టింపని చదివాను. మరి అంతకుముందే అంత వేడి ఎలా వచ్చింది? నా లెక్క తప్పా, లేక ఆ వేసవులు నిజంగానే అలా ఉండేవా? ఇంగ్లండ్ గ్రాఫును ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి సమాధానం

మీ లెక్కలో తప్పు లేదు. మీరు నమ్మిన థర్మామీటరు దగ్గరే చిక్కు ఉంది. నేడు ఎక్కడ ఉష్ణోగ్రత కొలిచినా ఎండ నేరుగా తగలకుండా, గాలి ఆడేలా పలకలు అమర్చిన తెల్లటి పెట్టెలో పరికరాన్ని ఉంచుతారు. థామస్ స్టీవెన్‌సన్ పేరు మీద పిలిచే ఆ పెట్టె 1860ల తర్వాతే వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ఆల్ప్స్ ప్రాంతంలో థర్మామీటరును ఎక్కువగా ఉత్తరం వైపు కిటికీ బయట తగిలించేవారు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి ఇబ్బంది లేదు. వేసవిలో మాత్రం ఆ అక్షాంశాలలో సూర్యుడు ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమిస్తాడు కనుక, పొద్దున, సాయంత్రం ఎండ ఆ కిటికీ మీద కూడా పడుతుంది.

క్రెమ్స్‌మున్‌స్టర్ మఠంలో పాత కిటికీ దగ్గర, ఆధునిక పద్ధతిలో పక్కపక్కనే కొలతలు తీసి ఈ తేడాను అంచనా వేశారు. ఆ అధ్యయనం 2010లో వెలువడింది. దాని ప్రకారం తొలినాటి వేసవి కొలతలు సగటున దాదాపు 0.4 డిగ్రీలు ఎక్కువగా నమోదయ్యాయి. కాబట్టి సవరించని అంకెలను పక్కన పెట్టి, ఆస్ట్రియా శాస్త్రవేత్తలు సవరించి కూర్చిన హిస్టాల్ప్ దత్తాంశాన్ని వాడండి. మీకు కనిపించిన పాత వేడిలో కొంత భాగం నిజమే, కొంత భాగం కిటికీది.

ఇంగ్లండ్ వరుసకు ఇలాంటి ఇబ్బందులు లేవనుకోకండి. దాన్ని కూర్చిన గోర్డన్ మాన్లీ తొలి దశాబ్దాలకు వేడిచేయని గదులలో ఉంచిన థర్మామీటర్ల కొలతలను, కొన్ని సంవత్సరాలకైతే నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ అంకెలను కూడా ఆసరా చేసుకోవలసి వచ్చింది.

రెండో సమాధానం

ప్రారంభ సంవత్సరం గురించి చెబుతాను. ఈ రకమైన పోలికలు ఎక్కువగా చెడేది అక్కడే. మధ్య ఇంగ్లండ్‌లో 1690లు చాలా చలిగా గడిచాయి, 1730లు ఎంతో వెచ్చగా గడిచాయి. వెంటనే 1740లో ఏడాది సగటు 6.8 డిగ్రీలకు పడిపోయింది. మొత్తం వరుసలో అతి చల్లని సంవత్సరం అదే. మీరు 1690లలో మొదలుపెడితే గీత నిటారుగా లేస్తుంది, 1730లలో మొదలుపెడితే చాలా కాలం కదలనట్టే ఉంటుంది. రెండూ నిజమైన అంకెలే, కానీ రెండు గీతలూ చూసేవారిని తప్పుదారి పట్టిస్తాయి.

రెండు ప్రాంతాలకూ నమ్మదగిన కొలతలున్న ఉమ్మడి కాలాన్ని, అంటే 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల నుంచి నేటి వరకు ఎంచుకోండి. అసలు డిగ్రీలను కాక, ఒక ఆధార కాలపు సగటు నుంచి ఎంత తేడా ఉందో పోల్చండి. లోయలోని ఊరికీ 3,000 మీటర్ల శిఖరానికీ డిగ్రీలు ఎలాగూ కలవవు, తేడాలను మాత్రం ఒకే కాగితం మీద గీయవచ్చు. 1961–1990 కాలాన్ని ఆధారంగా తీసుకుంటే, రెండు చోట్లా 1980ల తర్వాతి పెరుగుదల స్పష్టంగా తెలుస్తుంది. మధ్య ఇంగ్లండ్ వార్షిక సగటు 2022లో తొలిసారిగా 11 డిగ్రీలు దాటింది.

మూడో సమాధానం

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూ, ఆల్ప్స్ ఎందుకు ఎక్కువ వేడెక్కాయో కూడా మీ ప్రాజెక్టులో రాయమని కోరుతున్నాను. లేకపోతే అది రెండు గీతల వర్ణనగా మిగిలిపోతుంది. ఇంగ్లండ్‌కు పడమట అట్లాంటిక్ ఉంది. నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, అటు నుంచి వీచే గాలి ఆ నెమ్మదితనాన్ని భూమి మీదికి తెస్తుంది. ఆల్ప్స్ ఖండం లోపలికి ఉండటంతో సముద్రపు ఆసరా అక్కడ తక్కువ. దానికి తోడు మంచు కరిగి నల్లటి నేల బయటపడిన చోట, అంతకుముందు తిరిగి ఆకాశంలోకి పోయిన సూర్యకాంతిని నేల పీల్చుకుంటుంది. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ మంచులో సుమారు 10 శాతం కోల్పోయాయి. 1980ల నుంచి ఐరోపాలో గంధకపు కాలుష్యం తగ్గి ఎండ ఎక్కువగా నేలను చేరడం కూడా వేడికి తోడైంది. అయితే ఇది రెండు ప్రాంతాలకూ వర్తిస్తుంది కనుక, తేడాకు దాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపకండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది: ఆల్ప్స్ వేడిలో ఎంతో కొంత నగరాల పెరుగుదల వల్ల వచ్చిందేమో?

మొదటి సమాధానం రాసినవారు

ఆ అనుమానం తీర్చుకోవడానికి ఆస్ట్రియాలోని సోన్‌బ్లిక్ శిఖరాన్ని చూడండి. 3,106 మీటర్ల ఎత్తున 1886 నుంచి అక్కడ కొలతలు తీస్తున్నారు, చుట్టూ నగరమన్నది లేదు. అక్కడి దీర్ఘకాలిక పెరుగుదల దిగువ కేంద్రాల సవరించిన పెరుగుదలకు చాలా దగ్గరగా ఉంది.